సెల్ఫ్ తిరుగుతోంది కదా అని కొడుతూ కూర్చోకు

అమ్మలూ,

సెల్ఫ్ తిరుగుతున్నా కారు స్టార్ట్ అవడం లేదనీ, ఎవర్నీ పిలవకుండా నువ్వే చూస్తానంటున్నావనీ మీ నాన్న చెప్పాడు. వాడికి నవ్వులాటగా ఉంది. నాకు మాత్రం ఒక పక్క గర్వం, ఇంకో పక్క గుండె దడ. అందుకే ఈ ఉత్తరం.

సెల్ఫ్ హుషారుగా తిరుగుతోందంటే బ్యాటరీని చాలావరకు వదిలేయొచ్చు. అయినా వోల్టు మీటర్ పెట్టి చూడు. సెల్ఫ్ కొట్టేటప్పుడు దాదాపు 9.6 వోల్టుల కంటే కిందికి పడిపోతుంటే, ఇంజన్ తిరిగినా దాన్ని నడిపించే కంప్యూటర్ సరిగ్గా పనిచేయకపోవచ్చు. ట్యాంకులో పెట్రోలు ఉందా? నవ్వకు, ముల్లు కూడా అబద్ధం చెబుతుంది. ఫ్యూజులు చూడు. మీటర్ బోర్డు మీద తాళం గుర్తు మెరుస్తూ ఉంటే బండి నీ తాళాన్ని గుర్తుపట్టలేదన్నమాట, రెండో తాళంతో ప్రయత్నించు.

ఆ తర్వాత రేడియో, ఏసీ ఆపేసి, సెల్ఫ్ కొట్టకుండా ఇగ్నిషన్ ఒక్కటే ఆన్ చెయ్యి. చాలా కార్లలో వెనక సీటు కింద నుంచి రెండు సెకన్లపాటు సన్నగా 'జుయ్' మంటుంది. అది పెట్రోలు పంపు. ఆ చప్పుడు వినిపించకపోతే పంపుని తిట్టే ముందు దాని రిలే, అంటే పంపుకి కరెంటు కలిపే స్విచ్చు, చూడు. వినిపించినా ప్రెషర్ సరిపడా ఉందని నమ్మకం లేదు, అది గేజ్ పెడితేనే తేలుతుంది.

బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్లు చదివే స్కానర్ కొన్నావట, మంచిది. కోడ్ ఒక్కటీ చూసి ఊరుకోకుండా లైవ్ డేటాలో ఆర్‌పీఎం చూస్తూ సెల్ఫ్ కొట్టు. ఇంజన్ తిరుగుతున్నా అక్కడ సున్నాయే కనిపిస్తే, ఇంజన్ తిరుగుడుని కనిపెట్టే క్రాంక్ సెన్సర్ మీద, దాని వైర్ల మీద అనుమానం పెట్టుకో. ఇంజన్ తిరుగుతున్నట్టు కంప్యూటర్‌కి తెలియకపోతే అది స్పార్క్ ప్లగ్గులకి కరెంటూ ఇవ్వదు, పెట్రోలూ కొట్టదు. ఆ సెన్సర్ సర్క్యూట్‌లో లోపమని చెప్పే P0335 కోడ్ వచ్చినా నేరుగా సెన్సర్ మార్చేయకు. ఊడిన సెన్సర్ కనెక్టరుకీ, ఎలక కొరికిన వైరుకీ కూడా అదే కోడ్ వస్తుంది.

ఇక నా అసలు భయం. నాతో పనిచేసిన ఒకాయన చేతిలో మంత్రం ఉన్నట్టే ఉండేది, ఓపిక మాత్రం లేదు. ఒకరోజు పొద్దున్నే ఇలాంటి బండే వచ్చింది. సెల్ఫ్ కొడితే మామూలుగా వచ్చే ఆ 'కుయ్ కుయ్' మనే ఊపు లేదు. ఏ అడ్డూ లేనట్టు ఒకే స్వరంలో, మామూలుకంటే వేగంగా తిరుగుతోంది. అలా తిరిగిందంటే లోపల కంప్రెషన్ లేదనే, అంటే పిస్టన్ పైకొచ్చినప్పుడు గాలి నొక్కుకోవడం లేదనే. ఆయన వినిపించుకోలేదు. "ఇంకొక్కసారి" అంటూ కొట్టాడు, పక్క బండి నుంచి కేబుళ్లు తగిలించి మరీ కొట్టాడు. కవరు విప్పితే, వాల్వుల్ని పిస్టన్లతో తాళం తప్పకుండా తిప్పే టైమింగ్ బెల్టు పళ్లు కింది గేరు దగ్గర నున్నగా ఊడిపోయి ఉన్నాయి. హెడ్ దింపితే వాల్వులు వంగి ఉన్నాయి. కొన్ని మొదటి తిప్పుకే వంగి ఉండొచ్చు, కాదనను. మిగిలినవాటిని దక్కించుకునే అవకాశం మాత్రం కేబుళ్లు తగిలించినప్పుడే పోయింది. ఇప్పటి ఇంజన్లలో చాలావాటిలో వాల్వుకీ పిస్టన్‌కీ మధ్య చోటు అంతంతమాత్రమే, బెల్టు తాళం తప్పితే రెండూ గుద్దుకుంటాయి. నీకు ఆ చప్పుడు వినిపిస్తే తాళం తీసి జేబులో వేసుకో. నా మాట వినకపోతే తిడతాను, చెబుతున్నా.

మామూలు చప్పుడే అయినా పది సెకన్లకు మించి కొట్టకు, మధ్యలో సెల్ఫ్ మోటారుని చల్లారనివ్వు. పెట్రోలు వాసన గుప్పుమంటే యాక్సిలరేటర్ అడుగుదాకా తొక్కిపట్టి ఓసారి సెల్ఫ్ కొట్టు. చాలా బండ్లలో అలా చేస్తే పెట్రోలు చల్లే ఇంజెక్టర్లు ఆగి, లోపలి తడి ఆరుతుంది. వాసన బయట, నేల మీద నుంచి వస్తుంటే మాత్రం ఏమీ ముట్టుకోకుండా దూరంగా వచ్చేయ్. కరెంటు వస్తోందో లేదో చూడ్డానికి ఇగ్నిషన్ కాయిల్ చేత్తో పట్టుకోవడం లాంటి పాత విద్యలు వద్దు, టెస్టర్ కొనుక్కో. పెట్రోలుని నేరుగా సిలిండర్‌లోకి కొట్టే డైరెక్ట్ ఇంజెక్షన్ బండైతే ఇంజన్ మీది సన్న పైపుల జోలికే పోకు. ఆ ప్రెషర్‌కి పెట్రోలు చర్మంలోకి దూరిపోతుంది. అంత పొడుగు జడ వేసుకుని ఇంజన్ మీదికి వంగే పిల్లవి, ముందు దాన్ని ముడి వేసుకో.

కోడ్లు చెరిపేయకముందే స్క్రీన్ ఫొటో తీసి నాకు పంపు, లోపం దొరికిన క్షణంలోని రీడింగులు చూపించే ఫ్రీజ్ ఫ్రేమ్ పేజీ కూడా. సెల్ఫ్ కొట్టేటప్పటి చప్పుడు ఐదు సెకన్లు రికార్డు చేసి పెట్టు. విని ఫోన్ చేస్తాను, అప్పటిదాకా ఏమీ విప్పకు.

మీ పెదనాన్న