ప్లేట్‌లెట్లను మరిచిపోకు అమ్మడూ

అమ్మడూ,

బెంగళూరు ల్యాబ్‌లో చేరావనీ, కిడ్నీ మార్పిడికి పనికొచ్చే, టీ కణాల మీది సీడీ40 లిగాండ్ అనే ప్రోటీన్‌ను అడ్డుకునే యాంటీబాడీల మీద పని మొదలుపెడుతున్నావనీ మీ నాన్న చెప్పాడు. ఎంత పొంగిపోయానో, అంత గుబులూ పుట్టింది. అందుకే చెన్నై నుంచి ఈ ఉత్తరం.

మార్పిడి కిడ్నీ మీద దాడిచేసే తెల్లకణం, అదే టీ కణం, దాన్ని ఆపే దారులు నీకు తెలిసినవే. టాక్రోలిమస్ అనే మందు కణం లోపల దాన్ని రేపే కాల్సిన్యూరిన్ ఎంజైమును కట్టేస్తుంది, కాపాడాల్సిన కిడ్నీకే చేటు తెస్తుంది. బెలటాసెప్ట్ అనే మందు బయటే, వేరే రోగనిరోధక కణాల మీది సీడీ80, సీడీ86 ప్రోటీన్లను కప్పేసి టీ కణం మీది సీడీ28కి అందకుండా చేస్తుంది. 2011లో అమెరికా అనుమతించింది. ఎప్‌స్టీన్‌-బార్ వైరస్ సోకనివాళ్లకు మాత్రం ఇవ్వకూడదు, లింఫోమా అనే తెల్లకణాల క్యాన్సర్ భయం.

నా బెంగంతా సీడీ40 లిగాండ్ గురించే. హెచ్‌యూ5సీ8 అనే యాంటీబాడీ కోతుల్లో మార్పిడి కిడ్నీలను నెలల తరబడి నిలబెట్టింది. మనుషులకిచ్చాక రక్తనాళాల్లో గడ్డలు కట్టాయి, 1999లో పరీక్షలు ఆపేశారు. అందరి కళ్లూ టీ కణం మీదే ఉన్నాయి. ఆ లిగాండ్ రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్ల మీదా ఉంటుంది, అక్కణ్ణుంచి రాలి రక్తంలోనూ తిరుగుతుంది. యాంటీబాడీ చేతులు దాన్ని పట్టుకుంటే, ఎఫ్‌సీ అనే దాని తోక వెళ్లి ప్లేట్‌లెట్ మీది ఎఫ్‌సీ గామా గ్రాహకాన్ని పట్టుకుంది. ఇక అవి రేగిపోయి ఒకదానికొకటి అతుక్కోకేం చేస్తాయి? చిట్టెలుకల్లో ఇది బయటపడలేదు, వాటి ప్లేట్‌లెట్లకు ఆ గ్రాహకమే లేదు! ఇప్పటి సీడీ40 లిగాండ్ యాంటీబాడీల్లో డాపిరోలిజుమాబ్‌కు ఎఫ్‌సీ తీసేశారు, టెగోప్రుబార్ట్‌లో ఆ పట్టు సడలేలా మార్చారు. నీ చేతికొచ్చే ప్రతి యాంటీబాడీకీ ముందు తోక ఏమిటో అడుగు.

నీ బల్ల మీదా ఇదే గొడవ. రక్తం హెపారిన్ ట్యూబులో తీసి, కణాలను సాంద్రతను బట్టి విడదీసే ఫైకాల్ ద్రవం మీద మెల్లగా పోసి, 20 డిగ్రీల దగ్గర 400 జీ (భూమ్యాకర్షణకు 400 రెట్లు), 30 నిమిషాలు, బ్రేక్ లేకుండా సెంట్రిఫ్యూజ్‌లో తిప్పు. తెల్లకణాల పొర తీశాక 300 జీతో ఒక కడుగు, ఆపైన 200 జీతో పది నిమిషాల చొప్పున రెండు. ఈ చివరి రెండూ ఎగ్గొట్టకు. నెమ్మదిగా తిప్పితే కణాలు అడుగుకు దిగుతాయి, ప్లేట్‌లెట్లు పైనీళ్లలో తేలిపోతాయి. పైనీళ్లు ఇంకా మసగ్గా ఉంటే మరోసారి కడుగు. అవి మిగిలితే నీ యాంటీబాడీని మింగేస్తాయి, టీజీఎఫ్ బీటా అనే ప్రోటీన్‌ను విడిచి టీ కణాలను అణిచేస్తాయి. అది చూసి మందు పనిచేసిందని నువ్వు మురిసిపోతావు, పిచ్చితల్లీ.

ఒకరి కణాలు మరొకరివాటి మీద తిరగబడతాయా అని చూడ్డానికి ప్లేటులో ఒక్కో గుంటలో ఇద్దరి కణాలూ లక్ష చొప్పున వేసి అయిదారు రోజులుంచు. పోల్చుకోడానికి పక్కన అదే తోకున్న, దేన్నీ పట్టని యాంటీబాడీ ఒకటి ఉండాలి. నిల్వ కోసం సోడియం అజైడ్ కలిపిన యాంటీబాడీ సీసా వాడావంటే కణాలు చస్తాయి.

మనిషి రక్తంతో పని. హెపటైటిస్ బీ టీకా మూడు డోసులూ అయ్యాయా? చివరి డోసు తర్వాత ఒకటి రెండు నెలలకు యాంటీబాడీ పరీక్ష చేయించి, మిల్లీలీటరుకు 10 మిల్లీ యూనిట్లు దాటిందో లేదో నాకు రాయి. దాటేదాకా సూది ముట్టుకోకు.

మీ పెదనాన్న