టెక్ సందేహాలు: 50 వేలలో టెనర్ శాక్సోఫోన్ వస్తుందా?

సార్, నాకు 34 ఏళ్లు. టెనర్ శాక్సోఫోన్ నేర్చుకోవాలని ఎప్పటి నుంచో కోరిక. బడ్జెట్ 50 వేలు. ఆన్‌లైన్‌లో 30 వేలకే కొత్తది, పెట్టె, బెల్టు, రీడ్లు అన్నీ కలిపి ఇస్తున్నారు. యమహా కొత్తది అయితే లక్ష దాటిపోతోంది. ఆ 30 వేలది కొనెయ్యొచ్చా? – కాకినాడ నుంచి ఒక పాఠకుడు

వద్దండీ. ఫోన్ అయితే తక్కువ ధరది కొన్నా కాస్త నెమ్మదిగా పనిచేస్తుంది, అంతే కదా, కాని శాక్సోఫోన్ విషయం అలా ఉండదు. టెనర్ గొట్టం మీద దాదాపు రెండు డజన్ల రంధ్రాలుంటాయి, ఒక్కోదానికీ తోలు ప్యాడ్ అతికించిన మూత ఉంటుంది. ఆ మూత అంచు దగ్గర వెంట్రుకవాసి సందున్నా గాలి అక్కడి నుంచి పోతుంది. పంక్చరైన సైకిల్ ట్యూబుకు గాలి కొట్టినట్టే, మీరెంత ఊదినా కింది స్వరాలు పలకవు, లేదంటే గురగురమని విడిపోతాయి. అప్పుడే నేర్చుకుంటున్న మనిషికి అది వాయిద్యం లోపమని తెలియదు. తన ఊపిరి చాలట్లేదనుకుంటాడు, తన పెదవులే సరిగా లేవనుకుంటాడు, రెండు నెలలు పోరాడి పెట్టెలో పెట్టేస్తాడు. నాకు బాధ కలిగించేది ఇదే.

మా బంధువుల అబ్బాయి విషయంలో కళ్లారా చూశాను. పేరులేని కొత్త వాయిద్యం కొని మూడు నెలలు కింది సీ (C) అనే స్వరం కోసం తంటాలు పడ్డాడు, పాపం రోజూ గంట. చివరికి బ్యాండు వాద్యాలు బాగుచేసే ఒకాయన చూసి జీ షార్ప్ (G#) స్వరం మూత పూర్తిగా పడట్లేదన్నాడు (కింది స్వరాలన్నిటికీ అది మూసుకునే ఉండాలి), ఒక చిన్న స్క్రూ తిప్పి సరిచేశాడు. ఆ సాయంత్రమే వాడికి కింది సీ పలికింది. మరో నెలకు ఇంకో మూత వంగింది. చవక వాటిలో మీటల లోహం మెత్తగా ఉండి ఇలా వంగుతూనే ఉంటుంది, విడిభాగాలు దొరకవు కాబట్టి మెకానిక్కులు కూడా చెయ్యి పెట్టడానికి వెనకాడతారు.

మీ 50 వేలకు నా సలహా: పాతదైనా పేరున్నది తీసుకోండి. యమహాలో వైటీఎస్-23, వైటీఎస్-275 లాంటి పాత స్టూడెంట్ మోడళ్లు, తైవాన్ కంపెనీ జూపిటర్‌వి ఓపిగ్గా వెతికితే మీ బడ్జెట్‌కు దగ్గరగా రావచ్చు. వెబ్‌సైట్లలోనే కాకుండా చర్చి సంగీత బృందాల్లోనూ, రిటైరైన పోలీసు, మిలిటరీ బ్యాండు కళాకారుల దగ్గరా అడగండి. చేతిలో ఉన్నదంతా వాయిద్యానికే పెట్టెయ్యకండి, ఏడెనిమిది వేలు సర్వీసింగ్‌కూ మౌత్‌పీస్‌కూ (నోట్లో పెట్టుకుని ఊదే ముక్క) పక్కన ఉంచుకోండి. లక్క పూత వెలిసిపోయినా, చిన్న గీతలున్నా పర్వాలేదు, వాటి వల్ల పలుకు చెడదు, పైగా బేరానికి పనికొస్తాయి.

కొనేముందు వాయించడం తెలిసినవాళ్లను వెంట తీసుకెళ్లండి. కింది బీ ఫ్లాట్ నుంచి పైన ఎఫ్ షార్ప్ వరకు ఒక్కో స్వరాన్నీ మెల్లగా, *చిన్న గొంతుతో* వాయించమనండి. గట్టిగా ఊదితే చిన్న చిన్న లీకులు బయటపడవు, అమ్మేవాళ్లు గట్టిగానే ఊది చూపిస్తారు. తర్వాత ఆక్టేవ్ మీట (స్వరాన్ని పై స్థాయికి తీసుకెళ్లేది) నొక్కి ఉంచి జీ స్వరం పట్టమనండి. అప్పుడు మెడగొట్టం మీది చిన్న మూత లేవకూడదు, 'ఏ' (A) అనే స్వరానికి వెళ్లగానే లేవాలి. జీ దగ్గరే లేస్తుంటే సర్దుబాటు పోయిందన్నమాట. అది రిపేరయ్యేదే కాని ధర తగ్గించమని అడగాల్సిందే. మెడగొట్టాన్ని పక్క నుంచి కూడా చూడండి, వంపు దగ్గర నొక్కుకుపోయి కోలగా ఉందంటే ఎవరో బలంగా కిందికి వంచారని అర్థం, దాన్ని వదిలెయ్యండి. మన గ్యాడ్జెట్ బుర్రకు నచ్చే పరీక్ష ఇంకోటుంది: సన్నటి ఎల్ఈడీ స్ట్రిప్‌ను వెలిగించి గొట్టంలోకి దించి, గదిలో లైటు ఆర్పి, మూతలు ఒక్కొక్కటే మెల్లగా నొక్కి చూడండి. ఎక్కడ వెలుగు గీత కనబడితే అక్కడ గాలి పోతోంది. మెకానిక్కులు వాడే పద్ధతి కూడా ఇదే.

ఊరు దూరమైతే వీడియో కాల్‌లో ఈ పరీక్షలన్నీ చేయించండి, ఎడిట్ చేసిన వీడియో పంపుతామంటే ఒప్పుకోకండి. పార్సిల్ వస్తే విప్పేటప్పుడు వీడియో తీయడం మరవకండి.

మౌత్‌పీస్ గురించి ఒక్క మాట. పాత వాయిద్యంతో వచ్చేది అరిగిపోయి ఉండొచ్చు. యమహా 4సీ అని మొదట్లో అందరూ వాడేది ఒకటుంది, టెనర్‌కని చెప్పి తీసుకోండి, ఆల్టో (టెనర్ కన్నా చిన్న శాక్సోఫోన్)ది దీనికి పట్టదు. సన్నాయికి పీక ఎంత ముఖ్యమో దీనికి రీడ్ (మౌత్‌పీస్‌కు బిగించే, ఊదితే కంపించే పలుచటి బద్ద) అంత ముఖ్యం. గట్టిదనాన్ని చెప్పే నంబర్లలో 2వ నంబరుతో మొదలుపెట్టి మూడు నాలుగు రీడ్లు మార్చి మార్చి వాడుకోండి, ఒక్కదాన్నే అరగదీస్తే త్వరగా చచ్చిపోతుంది. కాకినాడ ఉక్కపోతలో వాయించాక లోపల గుడ్డతో తుడవకపోతే ప్యాడ్లు జిగటగా అతుక్కుంటాయి. తుడిచాకే పెట్టెలో పెట్టండి.

టెనరే ఎందుకు, ఆల్టో తీసుకోమని మీకు చాలామంది చెబుతారు. ఆల్టో తేలిక, సాధారణంగా ధరా తక్కువ, వేళ్ల పట్టు రెండిటికీ ఒకటే. కర్ణాటక సంగీతాన్ని శాక్సోఫోన్ మీద ఇంటింటికీ తెచ్చిన కద్రి గోపాల్‌నాథ్ గారు వాయించింది కూడా ఆల్టోయే. పదేళ్ల పిల్లాడికైతే నేనూ ఆల్టోనే చెబుతాను. మీరు మాత్రం ఆ బొంగురు, నిండు గొంతును ఇష్టపడి వస్తున్నారు, ఆ ఇష్టమే రోజూ సాధన చేయిస్తుంది కాబట్టి టెనరే తీసుకోండి. అయితే బరువు మూడు కిలోల పైనే ఉంటుంది, మెడకు వేసే పట్టీ కాకుండా రెండు భుజాల మీదా పడే హార్నెస్ కొనుక్కోండి.

టెనర్ కొన్నాను. పుస్తకంలో చెప్పినట్టు సీ వాయిస్తే ఫోన్‌లోని ట్యూనర్ యాప్ బీ ఫ్లాట్ అని చూపిస్తోంది. మోసపోయానా? – కరీంనగర్ పాఠకురాలు

లేదమ్మా, టెన్షన్ పడకండి, అది సరిగ్గానే ఉంది. టెనర్ బీ ఫ్లాట్ వాయిద్యం, మీరు సీ వాయిస్తే బయటికి వినబడేది బీ ఫ్లాటే. యాప్ సెట్టింగ్స్‌లో ట్రాన్స్‌పోజ్ దగ్గర బీ ఫ్లాట్ ఎంచుకోండి, అప్పుడు మీ పుస్తకంలో ఉన్నట్టే చూపిస్తుంది. యాప్‌లో 'ఏ' (A) స్వరాన్ని 440 హెర్ట్జ్ దగ్గర ఉంచండి. పాటలతో కలిపి వాయించేటప్పుడు ఇది గుర్తుంటే చాలు: కీబోర్డు వాళ్లు సీ అంటే మీరు డీ నుంచి మొదలుపెట్టాలి. ఒకటో శ్రుతిలో (అంటే సీలో) పాడేవారికి తోడుగా వాయించాలన్నా మీ షడ్జమం డీ మీదే.

అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. డిజిటల్ శాక్సోఫోన్ కొంటే సరిపోదా? – హైదరాబాద్ పాఠకుడు

యమహా వైడీఎస్-150, రోలాండ్ ఏరోఫోన్ లాంటివి ఊపిరి బలాన్ని సెన్సర్‌తో పసిగడతాయి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అర్ధరాత్రి కూడా వాయించుకోవచ్చు. వేళ్ల సాధనకు నిజంగా మంచివే. కాని వాటిలో రీడ్ కంపించి పలకదు కాబట్టి పెదవుల పట్టు, స్వరాన్ని నిలబెట్టే ఊపిరి అలవడవు, ఆ రెండే అసలు విద్య. రెండో వాయిద్యంగా కొనండి, మొదటిదిగా వద్దు. పక్కింటివాళ్లతో మాట్లాడుకుని సాయంత్రం ఆరు నుంచి ఏడు అని ఒక వేళ పెట్టుకోవడం చాలామందికి కుదిరే పని. బట్టల బీరువా తలుపు తీసి బట్టల వైపు తిరిగి వాయిస్తే శబ్దం కొంత తగ్గుతుంది కూడా.

జూమ్‌లో క్లాసులు తీసుకుంటున్నాను. నా స్వరం మధ్యలో తెగిపోతోందని మా మాస్టారు అంటున్నారు. కొత్త మైక్ కొనాలా? – డాలస్ నుంచి

మైక్ కొనకండి. ఒకే స్వరాన్ని మీరు పొడుగ్గా పట్టుకుంటే జూమ్ దాన్ని ఫ్యాన్ చప్పుడులాంటిదే అనుకుని తీసేస్తోంది. ఆడియో సెట్టింగ్స్‌లో సంగీతకారుల కోసం 'ఒరిజినల్ సౌండ్' ఉంది, అది ఆన్ చేయండి. గూగుల్ మీట్ వాడితే నాయిస్ క్యాన్సిలేషన్ ఆపేయండి. ఫోన్‌ను ఐదారు అడుగుల దూరంలో, గొట్టం నోటికి ఎదురుగా కాకుండా కాస్త పక్కన పెట్టండి, లేకపోతే మైక్ పగిలినట్టు వినబడుతుంది. ఇద్దరూ ఒకేసారి వాయించాలని మాత్రం చూడకండి, నెట్ ఎంత బాగున్నా ఆలస్యం ఉంటుంది కాబట్టి తాళం కలవదు. మాస్టారు వాయించింది రికార్డు చేసుకుని దానితో కలిపి సాధన చేయండి.