కాటా దగ్గర ఓడిపోకు, అల్లుడూ

రాయపురం, చెన్నై

చిరంజీవి అల్లుడికి,

ప్రపంచ బాక్సింగ్ చాంపియన్‌షిప్ టీమ్‌లో నీ పేరుందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పగానే ఇంట్లో కూర్చోలేక వీధి చివరిదాకా నడిచి వచ్చాను. మన చెన్నై బాక్సర్ దేవరాజన్ 1994లో బ్యాంకాక్ ప్రపంచ కప్‌లో కాంస్యం గెలిచాడని విన్న రోజు కూడా నాకు ఇలాగే అయింది.

పంచ్‌ల సంగతి పటియాలా క్యాంపులో కోచ్‌లు చూసుకుంటారు. నేను చెప్పేది బరువు గురించి. పోయినసారి ఇంటికొచ్చినప్పుడు నువ్వు 59 కిలోలున్నావు. ఆడాల్సింది 55 కిలోల విభాగంలో.

ఇరవై ఏళ్ల వయసులో ఒక పెద్ద పోటీ ముందు రోజు నేను 800 గ్రాములు ఎక్కువున్నాను. రాత్రంతా నీళ్లు ముట్టలేదు. తెల్లవారుజామున ఒంటికి ప్లాస్టిక్ షీటు చుట్టుకుని, పైన స్వెటరు వేసుకుని కాసిమేడు దాకా పరుగెత్తాను. నోరు పిడచకట్టుకుపోయింది. కాటా ముల్లు సరిగ్గా గీత మీద ఆగితే అందరూ భుజం తట్టారు. సాయంత్రం రెండో రౌండులో ఎదుటివాడి గ్లవ్ రావడం కనిపిస్తూనే ఉంది, తల మాత్రం పక్కకి జరగలేదు. కింద పడ్డాక రిఫరీ లెక్కలో నాకు వినపడింది ‘ఎనిమిది’ ఒక్కటే.

అప్పుడు నా తల మీద హెడ్‌గార్డ్ ఉంది. 2013 నుంచి పెద్దల పోటీల్లో మగవాళ్లకి అది కూడా లేదు. అందుకే నాకు భయం. బరువు ఇప్పటి నుంచే వారానికి కొంచెం చొప్పున తగ్గించు. రాత్రి అన్నం సగం చెయ్యి, నూనె వేపుళ్లు మానెయ్, నీళ్లు మాత్రం మానకు. ఇంకో సంగతి, ఒక్కసారి కాటా ఎక్కితే అయిపోదు. బౌట్, అంటే పోటీ, ఉన్న ప్రతి ఉదయం ఎక్కాలి. పతకం దాకా వెళ్లాలంటే నాలుగైదు బౌట్లు. మొదటి ఉదయానికే ఒంట్లో శక్తంతా పిండేసుకుంటే నాలుగో ఉదయానికి ఏం మిగులుతుంది?

మొదటి రౌండు వృథా చెయ్యకు. ఉన్నవే మూడు రౌండ్లు, మూడేసి నిమిషాలు. ఐదుగురు జడ్జీల్లో ముగ్గురి మార్కుల కార్డుల్లో మొదటి రెండు రౌండ్లూ పోయాయంటే, మూడోది మామూలుగా గెలిచినా చాలదు. ఎదుటివాణ్ణి పడగొట్టాల్సిందే.

దెబ్బ తగిలితే దాచకు. మన నిజామాబాద్ బాక్సర్ హుసాముద్దీన్ 2023లో తాష్కెంట్‌లో సెమీస్ దాకా వెళ్లి, మోకాలి దెబ్బతో తప్పుకున్నాడు. సెమీస్ ఆడకపోయినా కాంస్యం దక్కింది. ఆ రోజు అతనికి ఎంత కష్టంగా ఉండి ఉంటుందో ఊహించగలను. నా దృష్టిలో అతను చేసింది ముమ్మాటికీ సరైన పని. మోకాలు పోతే తర్వాత ఏ పతకమూ దాన్ని తిరిగి తేలేదు.

విదేశంలో హోటల్ తిండి పడకపోవచ్చు. మీ అత్త అటుకులు, వేరుశనగలు విడివిడిగా ప్యాక్ చేస్తోంది. నువ్వు బయల్దేరేలోపు కొరియర్‌లో వస్తాయి. బౌట్ల మధ్య కొద్దికొద్దిగా తిను. కాటా దిగగానే గబగబా మింగకు, వాంతి అవుతుంది.

రేపు పొద్దున ఖాళీ కడుపుతో కాటా ఎక్కి, ఎంతుందో నాకు మెసేజ్ పెట్టు. తగ్గించి చెప్పకు.

నీ మామయ్య