‘జీతం డబుల్ అవుతోంది, అందరం హైదరాబాద్ వెళ్లిపోవాలా?’

ప్రశ్న: మాది హనుమకొండ, నయీంనగర్. నాకు 35 ఏళ్లు. ఇక్కడే ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ చూస్తాను. బేసిక్ 24,000, చేతికి 42,000 వస్తుంది. చేరి 4 ఏళ్ల 9 నెలలైంది. ఇప్పుడు హైదరాబాద్ రాయదుర్గంలోని ఒక కంపెనీ ఏడాదికి 10.2 లక్షల ప్యాకేజీ ఇస్తామంటోంది. అందులో 10 శాతం వేరియబుల్ (పనితీరును బట్టి ఇచ్చేది). 45 రోజుల్లో చేరాలట. ఇక్కడ నోటీసు 60 రోజులు. మాకు రెండంతస్తుల సొంత ఇల్లుంది. కింద అమ్మానాన్న, పైన మేము. ఇంటి మీద లోన్ కిస్తీ 14,500. నా భార్య ఇంట్లోనే బ్లౌజులు కుడుతూ, ఖర్చులు పోను నెలకు 12,000 సంపాదిస్తుంది. బాబు 5వ తరగతి, పాప యూకేజీ. కిస్తీతో కలిపి ఇంటి ఖర్చు 44,500. బ్యాంకులో 2 లక్షల ఎఫ్‌డీ ఉంది. చందానగర్‌లో 20,000 కిరాయికి డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ చూశాను, మెయింటెనెన్స్ 2,500. జీతం డబుల్ అవుతోంది కదా, అందరం వెళ్దామని నేనంటున్నా. నాన్న వద్దంటున్నాడు. ఇల్లు అమ్మేసి అక్కడే ఫ్లాట్ కొనమని బావమరిది సలహా. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ ‘డబుల్’ సంగతి తేల్చుకుందాం. 10.2 లక్షలను 12తో భాగిస్తే 85,000 వస్తుంది. ఇప్పుడొచ్చేది 42,000 కాబట్టి రెట్టింపైందని అనుకున్నారు. కానీ ఆ 85,000 కంపెనీ మీ మీద పెట్టే మొత్తం ఖర్చు. 42,000 మీ ఖాతాలో పడే సొమ్ము. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడకూడదు.

ఆఫర్ లెటర్ వెనకపేజీలో జీతం విభజన ఉంటుంది, అది తీయండి. బేసిక్ ప్యాకేజీలో సగం, అంటే నెలకు 42,500 అనుకుని లెక్క వేస్తున్నాను. మీ లెటర్‌లో వేరేగా ఉంటే ఆ అంకె పెట్టుకోండి. 10,20,000లో వేరియబుల్ 1,02,000 పక్కన పెట్టాలి, అది నెలనెలా రాదు. కంపెనీ వాటా పీఎఫ్ బేసిక్‌లో 12 శాతం, ఏడాదికి 61,200. గ్రాట్యుటీ (ఐదేళ్లు నిండాక మానేస్తే ఇచ్చే సొమ్ము) కింద బేసిక్‌లో 4.81 శాతం చూపిస్తారు, దాదాపు 24,500. గ్రూప్ ఇన్సూరెన్స్ ప్రీమియం కూడా ప్యాకేజీలోనే కలిపే కంపెనీలున్నాయి, దానికి 12,000 వేసుకుందాం. ఇవి పోగా ఏడాదికి 8,20,000 చిల్లర, నెలకు 68,300. అందులోంచి మీ వాటా పీఎఫ్ 5,100, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 కోస్తారు. చేతికొచ్చేది 63,000.

ఆదాయపు పన్ను భయం లేదు. కొత్త పన్ను విధానంలో 2025-26 నుంచి 12 లక్షల వరకు పన్ను పడదు, జీతగాళ్లకు 75,000 స్టాండర్డ్ డిడక్షన్ కలిపితే 12.75 లక్షల దాకా. అయితే ‘కిరాయి కడితే హెచ్ఆర్ఏ మినహాయింపు వస్తుంది’ అని ఎవరైనా చెబితే లెక్కలో వేసుకోకండి. అది పాత విధానంలోనే ఉంది. అసలు పన్నే లేనప్పుడు మినహాయించేదేముంది.

కాబట్టి నిజంగా పెరిగేది నెలకు 21,000. అందరూ వెళ్లిన రోజునే మీ భార్య సంపాదన 12,000 ఆగిపోతుంది. కుట్టుపనిలో గిరాకీ మిషన్‌తో పాటు లారీ ఎక్కి రాదు. వీధిలో వాళ్లకు కొలతలు కుదిరి, పెళ్లిళ్ల సీజన్‌కు ముందే చెప్పి పెట్టుకునే నమ్మకం ఏర్పడటానికి ఆవిడకు కొన్నేళ్లు పట్టి ఉంటుంది. చందానగర్ అపార్ట్‌మెంట్‌లో మళ్లీ ఒకటో బ్లౌజు నుంచి మొదలు. అది తీసేస్తే కుటుంబానికి పెరిగేది 9,000. కొత్త కిరాయిలో సగం కూడా కాదు.

ఇప్పుడు అక్కడి ఖర్చు. కిరాయి, మెయింటెనెన్స్ 22,500. మీ నలుగురి కిరాణా, పాలు, గ్యాస్, కరెంటు, నెట్ 13,000. ఇక్కడ అమ్మానాన్నల వంటిల్లు వేరుగా నడుస్తుంది, దానికి 7,000. ఒక పొయ్యి రెండు పొయ్యిలైతే ఖర్చు సగం కాదు, ఒకటిన్నర అవుతుంది. ఇది చాలామంది మరిచిపోయే పద్దు. పిల్లల ఫీజులు, వ్యాన్ ఇప్పుడు ఇద్దరికీ నెలకు 6,500 అవుతుందనుకుంటే అక్కడ 13,000 పెట్టుకోండి. మీ ప్రయాణం, ఫోన్లు 5,500. కిస్తీ 14,500 ఎక్కడికీ పోదు. పెద్దవాళ్ల మందులు 3,000. నెలకు రెండుసార్లు ఊరికొస్తే 2,500. ఇతర ఖర్చులు 4,000. మొత్తం 85,000. వచ్చేది 63,000.

పై పోర్షన్ 8,000కు కిరాయికిచ్చినా లోటు 14,000. ఆ 8,000 మీద పన్ను గురించి కంగారు వద్దు. 30 శాతం తగ్గింపు, ఆ పోర్షన్ వాటా లోన్ వడ్డీ తీసేస్తే లెక్కలో మిగిలేది పెద్దగా ఉండదు. వేరియబుల్ పూర్తిగా వచ్చిందనుకుని నెలకు 8,500 కలిపినా ఇంకా 5,500 తక్కువే. మీ పీఎఫ్ ఖాతాలో రెండు వాటాలూ కలిపి ఇప్పటికన్నా నెలకు 4,440 ఎక్కువ జమవుతుంది, నిజమే. కానీ రిటైర్మెంట్ సొమ్ము పెరుగుతోందని చెప్పి స్కూల్ ఫీజు కట్టలేం కదా. ఇప్పుడు హనుమకొండలో 54,000 వచ్చి 44,500 పోయి నెలకు 9,500 మిగులుతోంది. ఈ మిగులే మీ అసలు జీతం, ఆఫర్‌ను పోల్చాల్సింది దాంతోనే.

మారడానికయ్యే ఒక్కసారి ఖర్చు వేరే. రెండు నెలల అడ్వాన్స్ 40,000, మొదటి నెల కిరాయి 20,000, బ్రోకర్‌కు ఒక నెల కిరాయి 20,000, సామాను ఎక్కించి దించడానికి 18,000, ఇద్దరు పిల్లల అడ్మిషన్ ఫీజులు 40,000, గీజర్, వాటర్ ఫిల్టర్, కర్టెన్ రాడ్ల బిగింపులకు 10,000. దగ్గర దగ్గర లక్షన్నర. మీ ఎఫ్‌డీలో ముప్పావు వంతు మొదటి వారంలోనే ఖర్చవుతుంది. మిగిలిన 50,000తో నెలకు 14,000 లోటు నాలుగు నెలలు కూడా పూడదు. ఆ తర్వాత క్రెడిట్ కార్డు, దాని వెనక బంగారం మీద లోన్. అడ్వాన్స్ తిరిగొస్తుందిలే అనుకోకండి, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల కిరాయి పట్టుకోవడం అక్కడ మామూలే.

అందుకని ఈ ఆఫర్ చెత్తదని కాదు. మీరొక్కరే వెళ్తే లెక్క పూర్తిగా తిరగబడుతుంది. మీ 63,000, ఆవిడ 12,000 కలిపి 75,000. మీరు ఇంట్లో ఉండరు కాబట్టి ఇక్కడి ఖర్చు 3,500 తగ్గి 41,000 అవుతుంది. భోజనంతో హాస్టల్‌కు 10,000, వారం వారం రాకపోకలు, సిటీలో తిరగడం కలిపి 5,000, చేతి ఖర్చు 2,000. మొత్తం 58,000. మిగులు 17,000, అంటే ఇప్పటికన్నా 7,500 ఎక్కువ. వేరియబుల్ వస్తే అది అదనం.

రోజూ అప్ అండ్ డౌన్ చేయొచ్చా అని కూడా ఆలోచించి ఉంటారు. కాజీపేట నుంచి సికింద్రాబాద్ చేరడానికే ఎక్స్‌ప్రెస్‌లో రెండు గంటల పైన. అక్కడి నుంచి సికింద్రాబాద్ ఈస్ట్ స్టేషన్‌లో మెట్రో ఎక్కి బ్లూ లైన్ చివరిదాకా. ఇల్లు, స్టేషన్, ఆఫీసు మధ్య నడకలు కలిపితే ఒకవైపే నాలుగు గంటలకు దగ్గర పడుతుంది. వద్దు. వారానికోసారి అయితే సుఖమే. బస్సులో వస్తే ఉప్పల్‌లో దిగితే అదే బ్లూ లైన్ మారకుండా రాయదుర్గం తీసుకెళ్తుంది. ఆఫీసు పోచారం, ఉప్పల్ వైపు ఉంటే నా సలహా మరోలా ఉండేది. ఘట్‌కేసర్ దగ్గర ఇల్లు తీసుకుంటే వరంగల్ హైవే మీదే ఉన్నట్టు.

కాబట్టి మొదటి ఆరు నెలలు, ప్రొబేషన్ తేలేదాకా, మీరొక్కరే ఉండండి. ఉద్యోగం, మేనేజర్, వేరియబుల్ ఇచ్చే తీరు అన్నీ ఆలోపు తెలిసిపోతాయి. కుటుంబాన్ని మార్చాలనుకుంటే వేసవి సెలవుల్లోనే. మన స్కూళ్లు జూన్ 12న తెరుచుకుంటాయి, మధ్యలో మారిస్తే ఇక్కడ కట్టిన ఫీజు పోతుంది, అక్కడ అడ్మిషన్ ఫీజు పడుతుంది. ఇంకో సంగతి. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ప్రభుత్వ ఉద్యోగాల్లో స్థానికత ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కువ ఏళ్లు ఎక్కడ చదివారన్నదాన్ని బట్టి తేలుతుంది. బాబు ఐదో తరగతి ఇక్కడే ముగిస్తే హనుమకొండ లోకల్ ఖాయం. పాప ఒకటో తరగతి అక్కడ మొదలుపెట్టి అక్కడే చదివితే హైదరాబాద్ వైపు లోకల్ అవుతుంది, ఉద్యోగ నియామకాల జోన్ కూడా మారుతుంది. ఇది మంచా చెడా ఇప్పుడే చెప్పలేం. కానీ స్కూల్ వదిలే రోజున టీసీతో పాటు ఏ తరగతి ఏ ఏడాది చదివారో రాసిన బోనఫైడ్ తీసుకోండి. పదిహేనేళ్ల తర్వాత ఆ కాగితం కోసం మూతపడిన స్కూల్ చుట్టూ తిరిగేవాళ్లు చాలామంది.

ఎంత జీతమైతే కుటుంబమంతా వెళ్లొచ్చు? పై పోర్షన్ కిరాయి కలుపుకుని, ఇప్పటి 9,500 మిగులు నిలవాలంటే చేతికి 86,500 రావాలి. ఇదే విభజనతో ప్యాకేజీ దాదాపు 14 లక్షలు. మీ భార్య అక్కడ నెలకు 10,000 సంపాదించగలిగితే 12.3 లక్షలు సరిపోతుంది. 10.2 నుంచి ఒక్కసారే 14కు ఏ హెచ్ఆర్ రాదు. అందుకే జీతం ఒక్కటే పట్టుకుని బేరం చేయకండి. వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని అడగండి. దాంతో కంపెనీకి పైసా ఖర్చు లేదు. మీకు మాత్రం హాస్టల్‌లో మూడు రాత్రుళ్లే, నాలుగు రోజులు హనుమకొండలో. అలాగే వేరియబుల్ 10 శాతాన్ని 5కు తగ్గించి ఆ తేడాను నెల జీతంలో కలపమనండి.

చేరే తేదీ విషయంలో తొందరపడకండి. ఒకే సంస్థలో ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ వస్తుంది. మీ లెక్కన 24,000ను 15తో గుణించి 26తో భాగించి, ఐదేళ్లకు గుణిస్తే 69,230. ఈరోజే రాజీనామా ఇస్తే 60 రోజుల నోటీసు పూర్తయ్యేసరికి 4 ఏళ్ల 11 నెలలవుతుంది. నెలా పది రోజులు ఆగి ఇస్తే నోటీసులోనే ఐదేళ్లు నిండుతాయి. ఐదో ఏట 240 పనిదినాలు చేస్తే చాలన్న కోర్టు తీర్పులు లేకపోలేదు. మీ సంస్థ దాన్ని ఒప్పుకుంటుందేమో మెయిల్‌లో అడిగి జవాబు తీసుకోండి, నోటిమాట చాలదు. ఒప్పుకోకపోతే 69,000 కోసం లేబర్ ఆఫీసు మెట్లెక్కే కన్నా నెల ఆగడం నయం. ఎలాగూ 60 రోజుల నోటీసుంటే 45 రోజుల్లో చేరడం కుదరదు, మిగిలిన రోజుల జీతం కట్టి నోటీసు కొనుక్కుంటే అదీ మీ జేబులోంచే. పీఎఫ్ మాత్రం తీసేయకండి. అదే యూఏఎన్ (మీ పీఎఫ్ నంబర్) కొత్త కంపెనీకి ఇచ్చి ఆన్‌లైన్‌లో బదిలీ చేయించండి. పాత సంస్థ ఉద్యోగం వదిలిన తేదీ నమోదు చేసిందో లేదో రెండు నెలల తర్వాత చూసుకోండి, బదిలీలు ఆగేది ఎక్కువగా అక్కడే.

బావమరిది గారి సలహాకు వస్తే, 60 లక్షల ఫ్లాట్‌కు రిజిస్ట్రేషన్ ఖర్చే 7.5 శాతం, నాలుగున్నర లక్షలు. ఇల్లు అమ్మి పాత లోన్ తీర్చగా మిగిలినది పెట్టి ఇంకో 45 లక్షలు అప్పు చేస్తే, 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకు కిస్తీ 39,000 దాటుతుంది. చేతికొచ్చే 63,000లో అది 62 శాతం. అదే ఫ్లాట్‌లో కిరాయికి 20,000కు ఉండొచ్చు. పైగా హనుమకొండ ఇల్లు అమ్మానాన్నల గడప. ఆ ఉద్యోగంలో రెండేళ్లు నిలదొక్కుకునే దాకా ఆ మాట పక్కన పెట్టండి.

కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్‌లో తల్లిదండ్రులు ఉన్నారో లేదో ఆఫర్ ఒప్పుకునే ముందే అడగండి. ఉన్నా సరే, ఉద్యోగం మానిన రోజున అది పోతుంది. అందుకని వాళ్ల పేరిట విడిగా ఒక పాలసీ ఇప్పుడే తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద జీఎస్టీ లేదు. నాన్నకు బీపీ, షుగర్ ఉంటే ఫారంలో దాచకుండా రాయండి. క్లెయిమ్ తిరస్కరణలకు అలా దాచిపెట్టడం పెద్ద కారణం. మీరు హాస్టల్‌లో ఉన్న రోజు రాత్రి ఆయన్ని ఎంజీఎంకో ప్రైవేటు ఆసుపత్రికో తీసుకెళ్లాల్సి వస్తే బయల్దేరేది మీ భార్య. పాలసీ కార్డు, ఎఫ్‌డీ ఖాతాలో ఆమె పేరు, ఇంట్లో 20,000 నగదు... మీరు బస్సెక్కేలోపు ఇవి సిద్ధంగా ఉండాలి.