ఇరవై మంది మెంటీలు చేతికొచ్చినప్పుడు

చిరంజీవి అయిన నా శిష్యురాలికి ఆశీస్సులు.

బీటెక్ మొదటి సంవత్సరం పిల్లలు ఇరవై మందిని నీకు మెంటీలుగా, అంటే చదువూ మంచిచెడ్డలూ నువ్వే చూసుకోవాల్సిన పిల్లలుగా అప్పగించారనీ, రిజిస్టర్‌లో ఏం రాయాలో తోచడం లేదనీ అడిగావు. రిజిస్టర్ పెద్ద విషయం కాదు. కలిసిన రోజునే రెండు ముక్కలు రాసి సంతకం పెట్టించు, చాలు. నెలాఖరున ఒకే పెన్నుతో ఇరవై సంతకాలు ఒక్కసారే పెట్టించే అలవాటు మాత్రం చేసుకోకు. కాలేజీలకు గ్రేడ్ ఇచ్చే న్యాక్ నుంచి వచ్చినవాళ్లు మొదటి పేజీ తిప్పగానే పసిగడతారు.

అసలు పని వేరే ఉంది. ఎవరు వెనకబడుతున్నారో సెమిస్టర్ మధ్యలో పెట్టే మొదటి మిడ్ పరీక్షకి ముందే కనిపెట్టాలి. మిడ్ మార్కులు చూశాక తెలిసిందంటే సగం సెమిస్టర్ చేజారినట్టే.

ముందు కలిసే వేళ చూసుకో. మన హైదరాబాద్ కాలేజీలు చాలావరకు ఘట్‌కేసర్, ఇబ్రహీంపట్నం, మైసమ్మగూడ లాంటి ఊరి అంచుల్లోనే ఉన్నాయి. ఆఖరి పీరియడ్ అయ్యాక రమ్మంటే పిల్లల ధ్యాసంతా కాలేజీ బస్సు మీదే ఉంటుంది. బస్సు తప్పితే రెండు సిటీ బస్సులు మారాలి కదా! లైబ్రరీ, స్పోర్ట్స్ పీరియడ్లలో రోజుకు ముగ్గురిని పిలు, ఒక్కొక్కరితో పన్నెండు, పదిహేను నిమిషాలు మాట్లాడు. అలా ఏడు పనిదినాల్లో ఇరవై మందీ అయిపోతారు. అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి హితబోధ చేస్తే మాట్లాడేది నువ్వొక్కదానివే. స్టాఫ్ రూమ్‌లో మిగతా సార్లు వింటుంటే ఎవరూ నోరు విప్పరు. ఖాళీగా ఉన్న ల్యాబ్‌లో తలుపు తీసి ఉంచి, బల్లకు ఒకే వైపు కూర్చో.

"ఏమైనా ప్రాబ్లమా?" అని అడగకు. "ఏం లేదు మేడమ్" అంటారు, అక్కడితో సరి. సమాధానంలో ఏదో ఒక వివరం చెప్పక తప్పని ప్రశ్నలు అడుగు. పొద్దున ఎన్నింటికి బయల్దేరుతున్నావు? రాత్రి ఎక్కడ తింటున్నావు? నిన్న మ్యాథ్స్‌లో ఏ లెక్క చేశారు, ఎక్కడిదాకా అర్థమైంది? ఆ నోట్సు చూపించు. నోట్సు చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి. బోర్డు మీది బొమ్మలు, సూత్రాలు దింపేసుకుని మధ్యలో సార్ చెప్పిన మాట ఒక్కటీ రాయలేదంటే, ఆ పిల్లకో పిల్లాడికో ఇంగ్లిష్ అందడం లేదన్నమాట. జిల్లాల నుంచి తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లలో ఇది తరచూ కనిపిస్తుంది, కానీ సిగ్గుపడి వాళ్లుగా చెప్పరు. పుస్తకంలో ఒక పేరా చదివించి తెలుగులో చెప్పమను. చెప్పగలిగితే భయపడాల్సింది లేదు, రాసే అలవాటే కావాలి. చెప్పలేకపోతే క్లాసుకు ముందు రోజు ఆ పాఠం రెండు పేజీలు తెలియని మాటలు గుర్తుపెట్టుకుంటూ చదివి రమ్మను.

మొదటి సంవత్సరంలో బ్యాక్‌లాగ్‌లు, అంటే తప్పి మిగిలిపోయే సబ్జెక్టులు ఎక్కువగా పడేది మ్యాథ్స్‌లో, సీ ప్రోగ్రామింగ్‌లో, ఇంజినీరింగ్ గ్రాఫిక్స్‌లో (డ్రాయింగ్). కారణం సోమరితనం అనుకోకు. రెండేళ్లపాటు ఎప్‌సెట్ కోసం 3 గంటల్లో 160 బిట్లు పెట్టడం నేర్చుకొచ్చిన పిల్లలు వీళ్లు. నాలుగు ఆప్షన్లలోంచి జవాబు ఏరడం వచ్చు, రెండు పేజీల లెక్కను తప్పు లేకుండా చివరిదాకా నడపడం రాదు. మూడు వరుసల మాత్రిక ఇచ్చి ఐగెన్ విలువలు, వెక్టర్లు కనుక్కోమని చూడు. లక్షణ సమీకరణం దాకా బాగానే వస్తారు. అక్కడ ఒక ప్లస్-మైనస్ గుర్తు తప్పుతుంది, వెక్టర్ కట్టబోతే సున్నా తప్ప ఇంకేమీ రాదు, పెన్ను కింద పెట్టేస్తారు. ఐగెన్ విలువ తప్పైనప్పుడే అలా సున్నా ఒక్కటే మిగులుతుందని ఎవరూ చెప్పి ఉండరు. విలువల మొత్తం మాత్రిక ప్రధాన కర్ణం మీది అంకెల మొత్తానికి, వాటి లబ్ధం డిటర్మినెంట్‌కి సరిపోవాలి. వెక్టర్ల జోలికి వెళ్లేముందు ఆ రెండూ సరిచూసుకోమను. అర నిమిషం పని, లెక్క నిలబడుతుంది.

సీ విషయంలో ల్యాబ్ రికార్డు చూసి మోసపోకు, అది పక్కవాడి రికార్డుకు నకలు. పది లైన్ల లూప్ ఒకటి కాగితం మీద ఇచ్చి, ప్రతి చుట్టుకూ ఏ వేరియబుల్‌లో ఏముందో గడులు గీసి నింపమను. నింపలేనివాళ్లతో రోజూ అలాంటిదొకటి చేయించు. వాళ్లకు ఈ సెమిస్టర్ ఎలాగో గట్టెక్కినా తర్వాత డేటా స్ట్రక్చర్స్‌లో పాయింటర్ల దగ్గర మళ్లీ ఇదే గోడ ఎదురవుతుంది. గ్రాఫిక్స్ సంగతి డ్రాయింగ్ సార్‌కి వదిలెయ్.

ఇక హాజరు. 75 శాతం కావాలని అందరికీ తెలుసు, లెక్క మాత్రం ఎవరూ వేసుకోరు. నువ్వే వేసి చూపించు. వారానికి 30 పీరియడ్ల చొప్పున 16 వారాలంటే 480. అందులో 75 శాతం 360. ఎనిమిది వారాలకు 240 జరిగితే ఒకడు 144కే వచ్చాడనుకో, అంటే 60 శాతం. మిగతా 240లో 216కి రావాలి, వారానికి మూడు పీరియడ్లకు మించి మానడానికి లేదు. ఈ అంకె కాగితం మీద చూస్తేనే మనసుకెక్కుతుంది. 65కీ 75కీ మధ్య ఉంటే తగిన కారణం చూపి, ఫీజు కట్టి కండొనేషన్ (హాజరు మినహాయింపు) అడగొచ్చు. 65 దిగితే డిటెన్షనే, అంటే పరీక్ష రాయనివ్వరు, బతిమాలినా లాభం లేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివేవాళ్లకు ఇంకో చిక్కుంది, స్కాలర్‌షిప్‌కీ 75 శాతం అడుగుతారు. కండొనేషన్ ఉందిలే అని ధీమాగా ఉన్న పిల్లవాడికి ఈ సంగతి ముందే చెప్పు.

మార్కుల్లోనూ ఇలాంటి పొరపాటే ఒకటుంది. జేఎన్‌టీయూహెచ్ యూనివర్సిటీ ఆర్22 (2022 బ్యాచ్‌తో మొదలైన) నిబంధనల్లో కాలేజీలో వేసే ఇంటర్నల్ మార్కులు 40, సెమిస్టర్ చివరి ఎక్స్‌టర్నల్ పరీక్షకు 60. ఇంటర్నల్‌లో 14, ఎక్స్‌టర్నల్‌లో 21 వస్తే పాస్ అనుకుంటారు. కాదు, రెండూ కలిపి 40 ఉండాలి. ఇంటర్నల్‌లో 14తో సరిపెట్టుకున్నవాడు ఎక్స్‌టర్నల్‌లో 26 తెచ్చుకోవాలి. బ్యాచ్‌ని బట్టీ, సొంతంగా పరీక్షలు పెట్టుకునే అటానమస్ కాలేజీల్లోనూ నిబంధనలు కొంత మారతాయి కాబట్టి మీ కాలేజీ రెగ్యులేషన్స్ ప్రతి దగ్గర పెట్టుకుని మాట్లాడు.

మార్కులు, హాజరు ఎప్పుడూ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టకు. ఇంటికి ఫోన్ చేయాల్సి వస్తే ముందు ఆ పిల్లవాడికి చెప్పి, వీలైతే వాడి ఎదురుగానే చెయ్. వెనకనుంచి చేస్తే మళ్లీ నీ దగ్గరికి రాడు. పైగా కొన్ని ఇళ్లలో ఆ ఒక్క ఫోన్ వల్ల చదువే మాన్పిస్తారు, ముఖ్యంగా ఆడపిల్లల చేత.

కొన్ని నీ చేతిలో పనులు కావు. నిద్ర పట్టడం లేదని, తిండి సయించడం లేదని వారాల తరబడి అంటున్నా, ఉన్నట్టుండి స్నేహితులకు దూరమైనా, బతకాలని లేదన్న మాట నోట వచ్చినా ధైర్యవచనాలతో సరిపెట్టకు. "చనిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడుగు, అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకు. కౌన్సిలర్ దగ్గరికి చీటీ రాసి పంపడం కాదు, నువ్వే వెంట నడిచి వెళ్లు. మానసిక సాయం కోసం ఉన్న టెలీ మానస్ ఫోన్ 14416 పగలూ రాత్రీ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు. ర్యాగింగ్ అయితే హెల్ప్‌లైన్ 1800-180-5522. లైంగిక వేధింపు అయితే కాలేజీ అంతర్గత కమిటీకి వెళ్లాలి, మధ్యలో రాజీలు కుదర్చకు. "ఎవరికీ చెప్పను" అని ముందే మాటివ్వకు. "ప్రాణానికి ముప్పుంటే తప్ప చెప్పను" అను, అదే నిలబెట్టుకోగలిగే మాట.

మూడో ఏడాదికి వచ్చేసరికి ప్రశ్నలు మారతాయి. ఎంటెక్ సీటు కోసం రాసే గేట్ పరీక్ష మూడో సంవత్సరం నుంచే రాయొచ్చని చాలామందికి తెలియదు. పరిశోధన మీద మనసున్నవాళ్లకు మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి ఫెలోషిప్ ఉంది. సీసీఎంబీ, ఐఐసీటీ, గోపన్‌పల్లిలోని టీఐఎఫ్ఆర్ లాంటి పరిశోధన సంస్థలు మన హైదరాబాద్‌లోనే ఉన్నాయి, అక్కడివాళ్లకు మెయిల్ రాయమను. ఐదు వాక్యాలు చాలు, కానీ వాళ్ల పేపర్ ఒకటి చదివి అందులో అర్థం కానిదేమిటో ఒక వాక్యంలో అడగాలి. "రెస్పెక్టెడ్ సర్" అని ఒకే మెయిల్ యాభై మందికి పంపితే జవాబు రాదు. అమీర్‌పేటలో ప్రాజెక్టు కొనుక్కుంటామంటే తిట్టకు. కొన్న కోడ్‌లో ఒక ఫంక్షన్ తీసేసి మళ్లీ రాయమను. ఇంటర్వ్యూలో అడిగేదీ దాదాపు అదే, ఈ గదిలోనే తెలిసొస్తే మంచిది.

నీ సొంత నోట్‌బుక్‌లో ఒక్కొక్కరికి ఒక పేజీ వెయ్యి. తేదీ, ఏం అనుకున్నాం, ఎవరు ఏం చేయాలి, ఎప్పటిలోగా, ఈ నాలుగే. మళ్లీ కలిసినప్పుడు ఆ పేజీ తెరిచి "ఆ ఐగెన్ లెక్కలు ఐదు చేశావా?" అని మొదలుపెట్టు. వచ్చే ఏడాది వాళ్లు ఇంకొకరి చేతికి వెళ్తారు. అప్పుడు చదువు సంగతులు మాత్రం ఆ మేడమ్‌కి అందించు. ఇంటి గొడవలు, ఆరోగ్యం గురించి రాసుకున్నవి ఆ పిల్లలను అడక్కుండా ఇవ్వకు.