రాష్ట్రానికి వేరే రాజ్యాంగం ఉండొచ్చా?

ప్రశ్న: నేను గ్రూప్-1కి ప్రిపేర్ అవుతున్నాను. జమ్ముకశ్మీర్‌కు 2019 దాకా సొంత రాజ్యాంగం ఉండేదని చదివాను. హైదరాబాద్ కూడా సంస్థానమే కదా, మనకెందుకు లేకపోయింది? ఇప్పుడు తెలంగాణ అసెంబ్లీ కావాలనుకుంటే రాసుకోవచ్చా? 371డి అంటే మన రాజ్యాంగం లాంటిదేనని మా నాన్నగారు అంటారు. నిజమేనా? – ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: చివరి రెండు ప్రశ్నలకూ జవాబు ‘కాదు’ అనే. కానీ మీ మొదటి ప్రశ్న చాలా మంచిది. మన పుస్తకాల్లో దాన్ని ఒక్క ముక్కలో తేల్చేస్తారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

సంస్థానాలు యూనియన్‌లో చేరినప్పుడు ఒక్కో దానికి సొంత రాజ్యాంగ సభ ఉండాలనే అనుకున్నారు. మైసూరు, సౌరాష్ట్ర, తిరువాన్కూరు-కొచ్చిన్‌లలో అలాంటి సభలు ఏర్పడ్డాయి కూడా. 1949 మే నెలకు ఆలోచన మారింది. రాష్ట్రానికో రాజ్యాంగం వద్దు, రాష్ట్రాల పాలన ఎలా సాగాలో కూడా భారత రాజ్యాంగంలోనే రాసేద్దామన్నారు. పోలీస్ చర్య తర్వాత హైదరాబాద్‌లో ఎన్నికైన సభే లేదు. అందుకని నిజాం 1949 నవంబరు 23న ఫర్మానా జారీ చేసి, భారత రాజ్యాంగమే హైదరాబాద్ రాజ్యాంగమని ఒప్పుకున్నారు. రెండు రోజుల తర్వాత, నవంబరు 25న, కశ్మీర్‌లో యువరాజు కరణ్ సింగ్ కూడా ప్రకటన చేశారు. భారత రాజ్యాంగానికి విరుద్ధంగా రాష్ట్రంలో ఉన్న రాజ్యాంగ నిబంధనలేవీ ఇక చెల్లవని అందులో ఉంది. మీరు గమనించాల్సింది ఇదే. వేరే రాజ్యాంగం రాసుకున్న రాష్ట్రం కూడా ముందు భారత రాజ్యాంగాన్ని తలకెత్తుకుంది.

తేడా వచ్చింది 370వ అధికరణం వల్ల. రాష్ట్రానికి ఒక రాజ్యాంగ సభ ఉంటుందని అదే చెప్పింది. ఆ సభ 1951లో కూర్చుంది, 1956 నవంబరు 17న రాజ్యాంగాన్ని ఆమోదించింది, 1957 జనవరి 26 నుంచి అది పూర్తిగా అమల్లోకి వచ్చింది. వేరే జెండా, ఉర్దూ అధికార భాష, గవర్నర్ బదులు సదర్-ఎ-రియాసత్ (1965లో ఇది గవర్నర్‌గా మారింది). ఇవన్నీ పరీక్షల్లో అడిగేవే. అయితే అసలు ప్రాణం 3వ సెక్షన్‌లో ఉంది. జమ్ముకశ్మీర్ భారతదేశంలో అంతర్భాగం, ఇకముందూ అంతర్భాగంగానే ఉంటుందని అక్కడ రాసుకున్నారు. పైగా ఆ సెక్షన్‌ను సవరించే బిల్లును సభలో పెట్టడానికే వీల్లేదని 147వ సెక్షన్ కట్టడి చేసింది.

ఇది కోర్టులో ఎలా తేలిందో తెలియాలంటే బ్యాంకు అప్పు కేసు ఒకటి చూడండి. అప్పు కట్టనివాళ్ల తాకట్టు ఆస్తిని బ్యాంకులు నేరుగా స్వాధీనం చేసుకోవడానికి 2002లో సర్ఫేసీ చట్టం వచ్చింది. రాష్ట్రంలో స్థిరాస్తి బదిలీపై పార్లమెంటుకు అధికారం లేదు, మా రాజ్యాంగం 5వ సెక్షన్ ప్రకారం అది మా పరిధి అని జమ్ముకశ్మీర్ హైకోర్టు 2015లో ఆ చట్టాన్ని పక్కన పెట్టింది. 2016 డిసెంబరులో స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా వర్సెస్ సంతోష్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. బ్యాంకింగ్ కేంద్రం జాబితాలోది, భారత రాజ్యాంగానికి బయట రాష్ట్రానికి సార్వభౌమత్వం రవ్వంత కూడా లేదని స్పష్టంగా చెప్పింది. 2019లో 370ని రద్దు చేసి, రాష్ట్రాన్ని రెండు కేంద్రపాలిత ప్రాంతాలుగా విడదీశారు. దాన్ని అర్థం చేసుకోవాలనుకునేవాళ్లు ముందు ఈ తీర్పు చదవాలని నా సలహా.

2023 డిసెంబరు 11న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 370 రద్దును సమర్థించింది. భారత రాజ్యాంగం మొత్తం వర్తించాక రాష్ట్ర రాజ్యాంగానికి ఇక పని లేదంది. ఆ భాగంతో నాకు పేచీ లేదు. నన్ను ఇప్పటికీ బాధపెట్టేది వేరే సంగతి. ఒక రాష్ట్రాన్ని పూర్తిగా కేంద్రపాలిత ప్రాంతంగా మార్చొచ్చా అన్న ప్రశ్నకు కోర్టు జవాబు చెప్పలేదు. రాష్ట్ర హోదా తిరిగి ఇస్తామని కేంద్రం తరఫున వాదించిన సొలిసిటర్ జనరల్ మాట ఇచ్చారని వదిలేసింది. ఆ ప్రశ్న కశ్మీర్ ఒక్కదానిది కాదు, అన్ని రాష్ట్రాలదీ.

మనవాళ్లకు ఇది బాగా తెలియాలి. 3వ అధికరణం కింద రాష్ట్రాన్ని విడదీయాలంటే అసెంబ్లీ అభిప్రాయం అడిగితే చాలు, ఒప్పుకోలు అక్కర్లేదు. 2014 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ విభజన బిల్లును తిరస్కరించినా పార్లమెంటు ఫిబ్రవరిలో పాస్ చేసింది. జమ్ముకశ్మీర్‌కు మాత్రం 1954 రాష్ట్రపతి ఉత్తర్వు ద్వారా శాసనసభ సమ్మతి తప్పనిసరి అన్న రక్షణ ఉండేది. 2019లో అక్కడ సభే లేదు, రాష్ట్రపతి పాలన నడుస్తోంది. రక్షణ పోయాక, సభ చెప్పాల్సిన అభిప్రాయాన్ని పార్లమెంటే చెప్పుకుంది. విభజనను కోరుకున్నవాళ్లయినా, వద్దన్నవాళ్లయినా ఈ రెండు సంఘటనలనూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి.

ఇక తెలంగాణ రాసుకోగలదా అంటే, ఆ అధికారం ఇచ్చే అధికరణం ఏదీ లేదు. మన గవర్నర్, మంత్రివర్గం, శాసనసభ, హైకోర్టు ఎలా ఉండాలో భారత రాజ్యాంగం ఆరో భాగంలో ఉంది. అసెంబ్లీ తీర్మానం చేసినా అది కోరికే అవుతుంది, చట్టం కాదు.

మీ నాన్నగారు చెప్పే 371డి 1973లో 32వ సవరణతో వచ్చింది, ముల్కీ (స్థానికులకే ఉద్యోగాలన్న నిబంధనల) గొడవల తర్వాత. ఉద్యోగాల్లో, చదువుల్లో స్థానికులకు న్యాయం జరిగేలా ఉత్తర్వులిచ్చే అధికారం రాష్ట్రపతికి ఇచ్చింది. అధికారం ఢిల్లీది, రాష్ట్రానిది కాదు. రాజ్యాంగంలో మరేది ఉన్నా 371డి చెల్లుతుందని అందులోనే రాసి ఉంది. అయినా సాంబమూర్తి కేసులో సుప్రీంకోర్టు దానిలోని ఒక ముక్కను కొట్టేసింది. ప్రభుత్వ ఉద్యోగుల సర్వీసు వివాదాలు విచారించే అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును రాష్ట్ర ప్రభుత్వమే రద్దు చేసుకోవచ్చన్న నిబంధన అది. కేసులో ఓడిన పార్టీయే తీర్పును చెరిపేయడం చట్టబద్ధ పాలన అనిపించుకోదంది.

మీకు రేపు వర్తించేది 371డి కింద వచ్చిన 2018 రాష్ట్రపతి ఉత్తర్వు. ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కడెక్కడ చదివారో స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తీసి పెట్టుకోండి. మీ స్థానికత తేలేది వాటి మీదే.