బ్యాంకు ఇస్తానన్నంత అప్పూ తీసుకోవచ్చా?

ప్రశ్న: మాకు ఇదే మొదటి ఇల్లు. హైదరాబాద్ బాచుపల్లిలో ఓసీ (కట్టడం పూర్తయింది, ఉండొచ్చని అధికారులిచ్చే పత్రం) వచ్చిన డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ చూశాం, 62.5 లక్షలు. నా జీతం చేతికి 85 వేలు వస్తుంది, ఇంటద్దె 18 వేలు. బ్యాంకు 8.5 శాతం వడ్డీకి, 20 ఏళ్లకు 50 లక్షలు ఇస్తానంది. మా దగ్గర 14 లక్షలున్నాయి. తక్కువ పడితే చీటీ పాడదామనుకుంటున్నాం. అడ్వాన్స్ ఇచ్చేయమంటారా?

జవాబు: ఇప్పుడే ఇవ్వకండి. ముందు ఈ లెక్క చూడండి.

30 లక్షలు దాటి 75 లక్షల వరకు ఉండే గృహరుణం ఇంటి విలువలో 80 శాతానికి మించకూడదన్నది రిజర్వ్ బ్యాంకు నిబంధన. అందుకే మీకు 50 లక్షలు. మిగతా 12.5 లక్షలు మీరు పెట్టాలి. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి 7.5 శాతం, అంటే ఇంకో 4.7 లక్షలు. ఇది బ్యాంకు లెక్కలోకి రాదు. అప్పటికే 17 లక్షలు దాటింది. బ్యాంకు ఫీజులు, లీగల్ ఖర్చు, కబోర్డులు వేరే. ఓసీ వచ్చింది కాబట్టి జీఎస్టీ మాత్రం తప్పింది. చీటీ పాడితే డబ్బు కోతపడి వస్తుంది, వాయిదాలు మాత్రం చివరిదాకా కట్టాలి. ఈఎంఐతో పాటు ఆ వాయిదా కూడా మీ ఒక్క జీతం మీదే పడుతుంది. ఆ ఆలోచన మానేయండి.

ఇక ఈఎంఐ. 50 లక్షలకు నెలకు 43,391 రూపాయలు. మొదటి నెల కట్టే దాంట్లో 35 వేలకు పైగా వడ్డీకే పోతుంది, అసలులో తగ్గేది 8 వేల లోపే. వడ్డీని మిగిలిన బాకీ మీద లెక్కగడతారు, మొదట్లో బాకీ కొండంత ఉంటుంది కదా. ఐదేళ్లలో మీరు 26 లక్షలు కట్టినా అసలు తగ్గేది 6 లక్షల లోపే. సగం అసలు తీరడానికి దాదాపు 14 ఏళ్లు పడుతుంది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఈ సంగతి అప్పు తీసుకున్న నాలుగైదేళ్లకు స్టేట్‌మెంట్ చూసి తెలుసుకుంటారు. అప్పుడు వాళ్ల ముఖాలు చూస్తే బాధేస్తుంది.

ఫ్లోటింగ్ వడ్డీ, అంటే మారే వడ్డీ, రెపో రేటుతో (రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ రేటు) పాటు కదులుతుంది. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు ఆ రేటు 4 నుంచి 6.5 శాతానికి ఎక్కింది. మీ అప్పు మొదట్లోనే వడ్డీ ఒక్క శాతం పెరిగి, ఈఎంఐ అలాగే ఉంచితే 20 ఏళ్ల గడువు దాదాపు 26 ఏళ్లవుతుంది. ఈఎంఐ పెంచాలా, గడువు పెంచాలా అని బ్యాంకు మిమ్మల్ని అడగాలి. మెసేజ్ వస్తే చూడకుండా వదిలేయకండి.

నా సలహా ఇది. ఒక ఏడాది ఆగండి. 43 వేల ఈఎంఐ కడుతున్నట్టే అనుకుని, అందులో అద్దె పోను 25 వేలు ప్రతి నెలా ఆర్‌డీలో (నెలనెలా జమచేసే బ్యాంకు డిపాజిట్) వేయండి. ఇబ్బంది లేకుండా వేయగలిగితే మీ దగ్గర 17 లక్షలవుతాయి. అప్పుడు 50 లక్షల ఫ్లాట్ చూడండి. మీ వాటా, రిజిస్ట్రేషన్ కలిపి 13.75 లక్షలు పోగా 3 లక్షలకు పైగా చేతిలో ఉంటాయి. 40 లక్షల అప్పుకు ఈఎంఐ 34,713. ఉద్యోగంలో తేడా వచ్చినా, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోయినా కొన్ని నెలలు టెన్షన్ లేకుండా నెట్టుకురావచ్చు.

30 ఏళ్లకు పెట్టుకోమని ఎవరైనా అంటే వినకండి. 50 లక్షల మీద ఈఎంఐ 5 వేలు తగ్గుతుంది, మొత్తం వడ్డీ మాత్రం 54 లక్షల నుంచి 88 లక్షలకు పోతుంది. దానికి బదులు 20 ఏళ్ల అప్పు మీద బోనస్ వచ్చినప్పుడు ఏటా ఒక్క ఈఎంఐ అదనంగా కట్టండి, మూడేళ్లకు పైగా ముందే తీరిపోతుంది. ఫ్లోటింగ్ గృహరుణాన్ని ముందుగా కడితే బ్యాంకు పెనాల్టీ వేయకూడదు.

ఇల్లు మీ పేరునే ఉన్నా ఒరిజినల్ పత్రాలు తనఖాగా బ్యాంకులో ఉంటాయి. ఏమేం ఇచ్చారో జాబితా రాయించుకుని, సంతకం, ముద్ర వేయించుకోండి. అప్పు తీరాక 30 రోజుల్లో అవి తిరిగివ్వాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5 వేల చొప్పున మీకు చెల్లించాలి.